జపాన్ సంప్రదాయ చిత్రంలో పువ్వును చదవడం ఎలా?

సొరపువ్వుతో మొదలుపెడదాం. పెరట్లో పందిరి మీద సాయంత్రం విచ్చుకుని, మర్నాడు ఎండ తగలగానే ముడుచుకుపోయే తెల్లటి పువ్వు. దాన్ని చూసి ఈసారి కాయలు బాగానే దిగేలా ఉన్నాయని సంతోషిస్తామే తప్ప మనం కవిత్వం జోలికి పోము. జపాన్‌లో దాని పేరు యూగావో. సాయంకాలపు ముఖం అని అర్థం.

ఇప్పుడు రెండు చిత్రాలు ఊహించుకోండి. ఒకదానిలో పేదింటి కంచె, దాని మీద అల్లుకున్న తీగ, విసనకర్ర మీద పెట్టి అందిస్తున్న ఒకే ఒక్క తెల్ల పువ్వు. రెండోదానిలో పల్లెటూరి గుడిసె, పక్కనే సొరపాదు పందిరి, పందిరి కింద చాప, దాని మీద తండ్రి, తల్లి, బిడ్డ. ముగ్గురూ ఒకే వైపు చూస్తున్నారు. పైన మసక వెన్నెల.

మొదటిది 'గెంజి కథ'లోని ఘట్టం. పదకొండో శతాబ్దం తొలినాళ్లలో మురసాకి షికిబు రాసిన ఈ కథను తర్వాతి చిత్రకారులు తరతరాలుగా గీస్తూనే ఉన్నారు. విసనకర్ర మీద పువ్వు వచ్చింది ఏ యువతి ఇంటి నుంచో ఆమె పాడుబడిన ఒక భవనంలో రాత్రికి రాత్రే ప్రాణం విడుస్తుంది. కథలో ఆమెను పిలిచే పేరు కూడా యూగావోనే. రెండోది పదిహేడో శతాబ్దంలో కుసుమి మొరికాగె వేసిన రెండు మడతల తెర, అంటే గదిలో అడ్డుగా నిలబెట్టే మడత తెర. టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది, ప్రభుత్వం జాతీయ సంపదగా ప్రకటించింది. అందులో చావు నీడ కూడా లేదు. పగలంతా పొలంలో కాగిన ఒళ్లు చల్లబడుతోంది, అంతే.

పువ్వు ఒకటే. పక్కనున్నవి మారగానే అది పలికే మాట మారిపోయింది. జపాన్ చిత్రంలో పువ్వును చదవాలంటే పట్టుకోవలసిన కొస ఇదే. ఇక ఒక్కో మెట్టూ ఎక్కుదాం.

మొదటి మెట్టు: అర్థాల పట్టికను మడిచి లోపల పెట్టండి

'జపాన్ పువ్వులు, వాటి అర్థాలు' అని ఇంటర్నెట్‌లో వెతికితే పట్టికలు కుప్పలుగా దొరుకుతాయి. ఎర్రది ప్రేమ, పసుపు అసూయ, తెలుపు నిరీక్షణ. వీటిలో చాలావాటికి మూలం హనకొతొబా, అంటే పూలభాష. ఇది యూరప్ నుంచి మెయిజీ కాలంలో, అంటే 1868 తర్వాత, జపాన్‌కు దిగుమతి అయిన సరదా. 1700లో కుంచె పట్టిన చిత్రకారుడికి ఆ పట్టిక తెలిసే అవకాశమే లేదు.

కమేలియా సంగతి చూడండి. రేకులు విడివిడిగా రాల్చకుండా పువ్వు మొత్తంగా, తెగిన తలలా కింద పడుతుంది కాబట్టి సమురాయ్‌లకు అది అపశకునమని ప్రతిచోటా రాస్తారు. తీరా చూస్తే పదిహేడో శతాబ్దం మొదట్లో షోగున్, అంటే సైనిక పాలకుడు, తొకుగావా హిదెతాదాకే కమేలియాలంటే పిచ్చి. ఆ కాలపు మోజుకు సాక్ష్యంగా వందకు పైగా రకాల కమేలియాలను వరసగా గీసిన చిత్రపు చుట్టలు టోక్యోలోని నెజు మ్యూజియంలో ఉన్నాయి. అపశకునాన్ని అంత ముచ్చటపడి ఎవరు గీయించుకుంటారు?

సకురా విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. చెర్రీ పువ్వులా రాలిపోవడం సైనికుడి ఆదర్శం అన్న భావం గట్టిపడింది ఆధునిక కాలపు యుద్ధాల్లో. దాన్ని తెచ్చి పదహారో శతాబ్దపు బంగారు తెర మీద రుద్దితే చిత్రకారుడికి అన్యాయం చేసినట్టే. క్షణికత అనే ఊహ పాతదే, ఆస్థాన కవిత్వమంతా దాని మీదే నడిచింది. కానీ చాలా పాత చిత్రాల్లో సకురా అంటే ముందు తోచేది నిండుదనం, జనం, వేడుక.

మనకు దీన్ని అర్థం చేసుకోవడానికి వేరే దేశపు సిద్ధాంతాలు అక్కర్లేదు, కవిసమయాలు చాలు. చకోరం వెన్నెల తాగుతుంది. కోయిల మావిచిగురు మేసి పాడుతుంది. అశోకం పూయాలంటే అందగత్తె పాదం తగలాలి. ఇవేవీ వృక్షశాస్త్రం చెప్పిన నిజాలు కావు. తరతరాల కవులు, వాళ్ల పాఠకులు కలిసి కుదుర్చుకున్న ఒప్పందాలు. జపాన్ పూలచిత్రం కూడా అలాంటి ఒప్పందం మీదే నిలబడింది. కాకపోతే అక్కడ ఆ ఒప్పందంలో రుతువుకు పెద్దపీట.

రెండో మెట్టు: పంచాంగం తెరవండి

ఏ తెరనైనా, చుట్టనైనా కుడి నుంచి ఎడమకు చూడాలి. అక్కడి రాత అలా సాగుతుంది, చూపూ అలాగే సాగుతుంది. నాలుగు రుతువుల తెర అయితే వసంతం సాధారణంగా కుడి చివర ఉంటుంది, శీతకాలం ఎడమ చివర. మన అలవాటు కొద్దీ ఎడమ నుంచి మొదలుపెడితే ఏడాది వెనక్కి తిరుగుతుంది. మొదట్లో నేనూ ఇలాగే చూసి, మంచు కరగక ముందే ఆకులు రాలుతున్నాయేమిటని తికమకపడ్డాను.

తర్వాత నెల. 1873 జనవరి 1న ఇప్పటి క్యాలెండరుకు మారేదాకా జపాన్ నడిచింది చాంద్రమానంలోనే. అమావాస్యతో నెల మారడం, అప్పుడప్పుడు అధికమాసం కలపడం, అన్నీ మనకు తెలిసిన వ్యవహారమే. అందుకే ఇంగ్లిషు నెలలతో కుస్తీ పట్టే విదేశీ పాఠకుడి కంటే గోడకు తెలుగు పంచాంగం వేలాడదీసుకున్న మనకే ఇది సులువు. వాళ్ల మొదటి నెల దాదాపు మన మాఘం. మూడో నెల చైత్రం. అంటే సకురా నెల మొదటి రోజూ, మన ఉగాదీ చాలా ఏళ్లలో ఒకే రోజునో, ఒక రోజు తేడాతోనో పడతాయి. అయిదో నెల అయిదో రోజు జ్యేష్ఠ శుద్ధ పంచమి. ఎనిమిదో నెల పున్నమికి వాళ్లు చంద్రుణ్ని చూస్తూ కూర్చుంటారు, అది భాద్రపద పౌర్ణమి. తొమ్మిదో నెల తొమ్మిదో రోజున చామంతుల పండుగ, అది మన మహర్నవమి. అధికమాసం వచ్చిన సంవత్సరాల్లో లెక్క ఒక నెల జరగవచ్చు, మిగతా ఏళ్లలో ఇది చక్కగా కుదురుతుంది.

ఒక తేడా మాత్రం మరిచిపోకండి. వాళ్ల వసంతం మొదటి నెలలోనే మొదలవుతుంది, శరత్తు ఏడో నెలలో. అంటే మన మాఘం వాళ్లకు వసంతం, మన శ్రావణం వాళ్లకు శరత్తు. కొమ్మ మీద మంచు, పక్కనే విచ్చిన పువ్వు కనిపిస్తే అది శీతకాలం అనుకుంటాం. అది ఉమె (ఇంగ్లిషులో ప్లమ్ అనే) పువ్వు అయితే చిత్రం చెబుతున్నది వసంతం వచ్చేసిందని. ఎండాకాలపు పువ్వులా కనిపించే అసగావో, తెల్లవారుజామున పూసే ఆ నీలి తీగపువ్వు, కవిత్వపు లెక్కలో శరత్తుది.

న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో కానో సాన్‌సెత్సు 1646లో గీసిన ముసలి ఉమె చెట్టు ఉంది, నాలుగు జారుడు తలుపుల నిడివిన. మాను ఒకచోట పైకి లేచి, లంబకోణంలో విరిగినట్టు వంగి, మళ్లీ కిందికి దిగి, పాకుతూ పోతుంది. ఇంత ముసలితనం మీద అక్కడక్కడ చిన్న చిన్న తెల్ల పూలు. చలి ఇంకా పోలేదు, ఆకు ఒక్కటీ లేదు, పువ్వు మాత్రం వచ్చేసింది. ఉమెకు ఓర్పు అని అర్థం చెబుతారు. ఆ మాను వంపులు చూశాక ఆ మాట వేరే చెప్పనక్కర్లేదు.

మూడో మెట్టు: పువ్వు ఏదో ముందు సరిగ్గా తేల్చుకోండి

చాలామంది ఇక్కడే పడిపోతారు. ఉమెను ప్లమ్ అని అనువదిస్తారు గానీ అది ఆప్రికాట్‌కు దగ్గరి చుట్టం. సకురాతో దాన్ని కలగాపులగం చేయడం మామూలు పొరపాటు. తేడా పట్టుకోవడానికి రెండు గుర్తులు చాలు. ఉమె రేకు అంచు గుండ్రం, పువ్వు కొమ్మకు అంటుకుని కూర్చుంటుంది. సకురా రేకు కొసన చిన్న నొక్కు ఉంటుంది, పువ్వులు పొడవాటి కాడలకు గుత్తిగా వేలాడతాయి. ఎంత అలంకారంగా గీసినా ఈ రెండూ సాధారణంగా తప్పవు.

ఐరిస్‌ల దగ్గర తలనొప్పి ఎక్కువ. నీళ్లలో పెరిగేది కకిత్సుబతా, రేకు మొదట్లో తెల్ల చార. పొడి నేల మీద పెరిగేది అయమె, రేకు మొదట్లో వలలాంటి గీతలు. హనషోబుకు పసుపు చార. వీటన్నిటినీ తెలుగులో ఐరిస్ అనేసి ఊరుకోవచ్చు, కానీ కథలు వేరు కాబట్టి చిత్రం ముందు నిలబడినప్పుడు ఊరుకోలేము. ఇక అసలు షోబు అనే మొక్క వేరే ఉంది, అది ఐరిస్ కానే కాదు. అది మన వస జాతి మొక్క. వస కొమ్ము అరగదీసి పసిపిల్లల నాలుకకు రాస్తారే, ఆ వసే. దాని ఆకు కత్తిలా నిటారుగా ఉంటుంది, నలిపితే ఘాటు వాసన. ఈ ఆకు గురించి ఆరో మెట్టులో మళ్లీ మాట్లాడుకుందాం.

చామంతిని మనం గుర్తుపట్టలేకపోవడం ఉండదు. కాకపోతే రేకులు లెక్కపెట్టండి. పదహారు రేకులతో చక్రంలా ఉంటే అది చక్రవర్తి వంశపు ముద్ర కావచ్చు, తోటలో పూసిన పువ్వు కాకపోవచ్చు.

నాలుగో మెట్టు: పక్కన ఎవరున్నారో చూడండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడండి. పువ్వులు, పక్షుల చిత్రాలను జపాన్‌లో కచో-గ అంటారు. కచో అంటే పువ్వూ పిట్టా. ఆ రెండిటి మధ్య జతలు చాలావరకు కుదిరిపోయి ఉంటాయి. ఉమె కొమ్మ మీద ఉగుయిసు అనే పాటపిట్ట. ఇది మన మామిడి-కోయిల బంధం లాంటిదే. వేలాడే ఫుజి (విస్టీరియా) పూలగుత్తుల దగ్గర హొతొతొగిసు, కోకిల జాతి పక్షి. దేవదారు మీద కొంగ. విల్లో కొమ్మల మధ్య పిచ్చుక కాదు, వానకోయిల. పిచ్చుక వెదురు దగ్గర ఉండాలి. ఎర్రబడ్డ మేపుల్ కింద జింక. హగి అనే పూలపొదల్లో అడవిపంది. కిరి చెట్టు ఉన్నచోట ఫీనిక్స్ పక్షి.

బొతాన్, అంటే పియొనీ, పక్కన సింహం కనిపిస్తే దాని వెనక ఒక చిన్న కథ ఉంది. మృగరాజుకు బయటి శత్రువు లేడు, ఉన్నదల్లా ఒంట్లోనే పుట్టి ఒంటినే తినే పురుగు. ఆ పురుగును చంపేది బొతాన్ మీద రాలిన మంచుబిందువు. అందుకే సింహం రాత్రి ఆ పొద కిందే పడుకుంటుందట. బొతాన్‌కు పూలరాజు హోదా, సంపద, దర్జా అన్న అర్థాలు చైనా నుంచి వచ్చాయి. సింహం వచ్చి కూర్చోగానే వాటికి ఒక అభయం కూడా తోడైంది. అదే బొతాన్ మీద సీతాకోకచిలుకలు వాలితే చిత్రం తేలికపడిపోతుంది, వేసవి తోట అవుతుంది.

పువ్వు పక్కన నీళ్లున్నాయా అన్నది కూడా చూడాలి. చామంతి ఒంటరిగా ఉంటే శరత్తు. చామంతి కింద వాగు పారుతుంటే దీర్ఘాయువు. చామంతి లోయలోంచి వచ్చే నీళ్లు తాగిన ఊరివాళ్లు ఏళ్ల తరబడి బతికారని చైనా కథ. తొమ్మిదో నెల పండుగకు ముందు రాత్రి చామంతుల మీద దూది కప్పి, తెల్లవారాక ఆ మంచుతో తడిసిన దూదితో ముఖం తుడుచుకోవడం ఆస్థానంలో ఆచారంగా ఉండేది. మనవాళ్లు చామంతిని జడలోనో, దేవుడి పటానికో పెడతారు. అక్కడ దానితో ముసలితనాన్ని తుడిచేద్దామనుకున్నారు.

తామర గురించి మనకు వేరే పాఠం అక్కర్లేదు. బురదలో పుట్టి బురద అంటని పువ్వు అన్న ఊహ బౌద్ధంతోపాటు భారతదేశం నుంచే అక్కడికి వెళ్లింది. అమరావతి స్తూపపు రాతి కంచె మీద చెక్కిన పెద్ద తామరలను చూసిన కళ్లకు క్యోటో జాతీయ మ్యూజియంలో ఉన్న, సోతత్సు అనే చిత్రకారుడు వేసిన తామరకొలను కొత్తగా అనిపించదు. కాకపోతే అది సిరాతో మాత్రమే వేసిన చిత్రం. తడి సిరా మీద మరో చుక్క తడి సిరా వదిలి, అవి వాటంతటవి కలిసి పాకేలా చేశాడు. ఆకు అంచు ఎక్కడుందో కళ్లకు దొరకదు. కింద రెండు చిన్న నీటిపిట్టలు.

ఈ జతలన్నీ గుర్తుండాలంటే ఒక చౌక ఉపాయం ఉంది: హనఫుదా పేకముక్కలు. పన్నెండు నెలలకు పన్నెండు మొక్కలు, నెలకు నాలుగు ముక్కలు, మొత్తం 48. మొదటి నెల దేవదారుతో కొంగ, రెండు ఉమెతో ఉగుయిసు, మూడు సకురా, నాలుగు ఫుజి, అయిదు ఐరిస్‌తో పలకల వంతెన, ఆరు బొతాన్‌తో సీతాకోకచిలుకలు, ఏడు హగితో అడవిపంది, ఎనిమిది సుసుకి గడ్డి మీద పున్నమి, తొమ్మిది చామంతితో మద్యపు గిన్నె, పది మేపుల్‌తో జింక, పదకొండు విల్లో, పన్నెండు కిరితో ఫీనిక్స్. 1889లో నింటెండో మొదలైంది ఈ ముక్కలు తయారుచేస్తూనే. ఒక పెట్టె తెప్పించుకుని పిల్లలతో నాలుగు ఆదివారాలు ఆడండి. పుస్తకాలు చదివి బట్టీపట్టిన దానికంటే ఎక్కువ గుర్తుంటుంది.

అయిదో మెట్టు: చిత్రంలో లేని మనిషిని వెతకండి

జపాన్ అలంకార కళలో రుసు-మొయో అని ఒక పద్ధతి ఉంది. రుసు అంటే ఇంట్లో లేకపోవడం. కథలోని మనుషులను తీసేసి, వాళ్లు వదిలి వెళ్లిన వస్తువులను, పువ్వులను మాత్రం గీస్తారు. రామాయణంలో ఉంగరాన్ని ఒక్కదాన్ని గీసి ఊరుకున్నా మనకు అశోకవనం మొత్తం కళ్లముందు కదలదా? అలా అన్నమాట.

దీనికి పెద్ద ఉదాహరణ ఒగతా కోరిన్ (1658–1716) వేసిన ఐరిస్‌ల తెరలు. ఆరేసి మడతల జత, నెజు మ్యూజియంలో ఉంది. బంగారు రేకు అంతటా పరిచి, దాని మీద నీలం, ఆకుపచ్చ. మూడో రంగు లేదనే చెప్పాలి. నీళ్లు గీయలేదు, గట్టు గీయలేదు, ఆకాశం లేదు, మనిషి లేడు. కకిత్సుబతా గుంపులు మాత్రం లేస్తూ వాలుతూ పోతాయి.

చదువుకున్న జపాన్ ప్రేక్షకుడికి మాత్రం అక్కడ మనుషులు కనిపిస్తారు. 'ఇసె కథలు' అనే పాత గ్రంథంలో రాజధాని విడిచి తూర్పుకు పోతున్న ఒక కులీనుడు మికావా ప్రాంతంలో ఎనిమిది వంతెనల చోటుకు చేరతాడు. వెంట ఉన్నవాళ్లతో కలిసి చెట్టు కింద కూర్చుని ఎండబెట్టిన అన్నం తింటుంటే ఎదురుగా కకిత్సుబతాలు పూసి ఉంటాయి. ఆ పేరులోని అయిదు అక్షరాలు ఒక్కో పాదం మొదట వచ్చేలా పద్యం చెప్పమంటారు. అతను ఇంటి దగ్గర వదిలి వచ్చిన భార్యను తలచుకుంటూ చెబుతాడు. విన్నవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటారు, ఆ కన్నీళ్లకు ఎండు అన్నం నానిపోతుంది. పాదాల మొదటి అక్షరాలతో ఆడే ఆట మన అవధానాలు చూసినవాళ్లకు కొత్త కాదు. కన్నీళ్లకు అన్నం నానడం మాత్రం నాకు ఎన్నిసార్లు చదివినా కాస్త నవ్వూ, కాస్త దిగులూ తెప్పిస్తుంది.

తర్వాత కోరిన్ ఇదే విషయాన్ని మళ్లీ గీశాడు. అది మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది. అందులో వంకరగా సాగే వంతెనను కూడా పెట్టాడు. అర్థం సులువయింది, నిజమే. నాకు మాత్రం వంతెన లేనిదే ఇష్టం. నెజువారు ఏటా తమ తోటలో కకిత్సుబతాలు పూసే ఏప్రిల్-మే రోజుల్లోనే ఈ తెరలను బయటపెడతారు. 2004లో వచ్చిన అయిదువేల యెన్ నోటు వెనక ఉన్నది కూడా ఈ పూలే.

ఈ తెరను ఫోనులో చూసి వదిలేయకండి. సన్నటి పొడవాటి కాగితం మీద ముద్రించి, ఆరు మడతలూ విసనకర్రలా ముందుకూ వెనక్కూ మడిచి బల్ల మీద నిలబెట్టండి. కుడి వైపు నుంచి కంటి ఎత్తుకు చూస్తూ మెల్లగా ఎడమకు కదలండి. బల్లపరుపుగా ఉన్న పూలగుంపులు ఒకటి దగ్గరకు వస్తుంది, ఒకటి వెనక్కి పోతుంది. గీయని నీళ్లు ఆ మడతల్లో ఉన్నాయి. ఇది చేసి చూడనివారికి మాటల్లో చెప్పడం కష్టం.

లేని మనుషుల్లో మరొకరు సుగవారా నో మిచిజానె (845–903). మంత్రి, పండితుడు. 901లో రాజధాని నుంచి వెళ్లగొట్టి దజైఫుకు పంపారు, అక్కడే పోయాడు. ఇంటి ముందరి ఉమె చెట్టు ఆయన కోసం ఎగిరి దజైఫుకు వచ్చిందని జనం చెప్పుకుంటారు. తర్వాత ఆయనను తెంజిన్ పేరుతో చదువుల దేవుడిగా కొలవసాగారు. ఉమె పక్కన ఎద్దు కనిపిస్తే అది పశువుల బొమ్మ అనుకోకండి, మిచిజానె గుర్తు. అదే దజైఫులో 730లో ఓతొమో నో తబితో ఇంట జరిగిన ఉమె విందులో చెప్పిన పద్యాల పీఠిక నుంచే 2019లో మొదలైన రెయివా శకానికి పేరు తీసుకున్నారు.

ఆరో మెట్టు: పేరును బయటకు పలకండి

ఇక్కడ కన్నుతో పాటు చెవి కూడా కావాలి. షోబు అన్న శబ్దమే వేరే అక్షరాలతో రాస్తే శౌర్యాన్ని గౌరవించడం అవుతుంది. అందుకే అయిదో నెల అయిదో రోజు మగపిల్లల పండుగకు వస ఆకు తప్పనిసరి. చూరుకు కడతారు, స్నానపు నీళ్లలో వేస్తారు. నాన్‌తెన్ అనే ఎర్ర పళ్ల మొక్క పేరు కష్టాన్ని తిప్పికొట్టడం అన్నట్టు వినిపిస్తుంది. ఇతో జాకుచూ (1716–1800) ముప్పై చిత్రాల మహామాలికలో ఒకచోట ఎర్రటి నాన్‌తెన్ గుత్తుల మధ్య నల్లటి కోడిపుంజును నిలబెట్టాడు. ఎరుపు, నలుపు చూసి ముచ్చటపడటం ఒక ఎత్తు. ఆ పేరు వినిపించడం ఇంకో ఎత్తు.

ఫుజి పువ్వుకు ఫుజివారా వంశం పేరు తోడుంటుంది. దేవదారును చుట్టుకున్న ఫుజి తీగ కనిపిస్తే అది అండను ఆశ్రయించిన వంశమా, మొగుణ్ని పెనవేసుకున్న ఇల్లాలా అన్నది చిత్రం ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటుంది.

అన్నిటికంటే చమత్కారం కుజు తీగది. దాని ఆకు పైన పచ్చగా, అడుగున తెల్లగా ఉంటుంది. గాలికి ఆకు తిరగబడి వెనక వైపు కనిపించడాన్ని ఉరామి అనవచ్చు. మనసులో పెట్టుకున్న కినుకను, నిష్ఠూరాన్ని కూడా ఉరామి అనే అంటారు. శ్లేష మరిగిన మన ప్రబంధ పాఠకులకు వివరించవలసిన పని లేదు. తిరగబడిన కుజు ఆకును చూస్తే ఎవరో ఎవరి మీదో అలిగారన్నమాట.

ఏడో మెట్టు: ఎవరి కోసం గీశారు, ఎక్కడ పెట్టారు

క్యోటోలోని చిషాకుయిన్ గుడిలో రెండు గోడచిత్రాలున్నాయి. ఒకటి సకురా, ఒకటి మేపుల్. సకురా రేకులను గోఫున్ అనే తెల్ల రంగుతో, అంటే ఆల్చిప్పల పొడితో, ఒత్తుగా ఉబ్బెత్తుగా పెట్టారు. వేలితో తడిమితే తగులుతాయనిపిస్తుంది. బంగారం మీద విరగబూసిన ఆ చెట్టును చూసి ఎవరైనా పండుగ అనే అనుకుంటారు.

ఆ చిత్రాలను గీయించిన చోటు వేరు. అప్పటి జపాన్ పాలకుడు తొయొతోమి హిదెయోషి 1591లో చనిపోయిన తన పసివాడు త్సురుమాత్సు ఆత్మశాంతి కోసం కట్టించిన గుడి అది. సకురా గీసింది హసెగావా క్యూజో, మేపుల్ గీసింది అతని తండ్రి తోహకు. 1593లో క్యూజో 26 ఏళ్లకే పోయాడు. కొడుకును పోగొట్టుకున్న పాలకుడి గుడిలో, కొడుకును పోగొట్టుకున్న చిత్రకారుడి మేపుల్, ఆ కొడుకు గీసిన సకురా. ఇది తెలిశాక ఆ ఉబ్బెత్తు రేకుల వైపు మళ్లీ మొదటి చూపు చూడలేము.

ఇల్లయితే లెక్క వేరు. తొకొనొమాలో, అంటే గదిలోని అలంకార గూట్లో, వేలాడదీసే చుట్టను రుతువును బట్టి మారుస్తారు. బయట పువ్వు పూర్తిగా విచ్చుకోక ముందే దాని బొమ్మ లోపలికి రావడం మర్యాద. పూసి రాలిపోయాక వేలాడదీస్తే ఉగాది వెళ్లిన వారానికి పచ్చడి పెట్టినట్టుంటుంది.

చేయి తిరగాలంటే టోక్యోదాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ వస్తువుల విభాగం ఉంది. పింగాణి కూజాల మీద, పళ్లేల మీద ఇవే పూలు, ఇవే పిట్టలు. ఒక్క కూజా ముందు పావుగంట నిలబడి నెల ఏదో, జత ఏదో తేల్చండి. మెట్రొపాలిటన్ మ్యూజియం తన దగ్గరున్న పాత చిత్రాల పెద్ద ఫోటోలను ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఇస్తోంది.

ఎనిమిదో మెట్టు: ఒక్క చిత్రాన్ని చివరిదాకా

ఇప్పుడు అన్నీ కలిపి వాడదాం. సకాయి హోయిత్సు గీసిన 'వేసవి, శరత్తు గడ్డిపూలు', రెండు మడతల తెరల జత, పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకాలది, టోక్యో జాతీయ మ్యూజియం.

కుడి నుంచి మొదలు. కుడి తెర మీద పచ్చటి సుసుకి గడ్డి బరువుగా కిందికి వాలింది. నడుమ తెల్ల లిల్లీ ముడుచుకున్నట్టు తల వంచింది. పై మూలన నీలంగా నీళ్లు నిలిచాయి. వేసవి, అప్పుడే పడి వెలిసిన జడివాన. వాన చినుకు ఒక్కటీ గీయలేదు. ఎడమ తెరకు రండి. గడ్డి వెన్ను తీసింది, అన్నీ ఒకే వైపు ఒరిగాయి, ఎర్రబడిన తీగ ఆకులు గాల్లో ఎగిరిపోతున్నాయి. శరత్తు, ఈదురుగాలి. గాలినీ గీయలేదు. పువ్వేదో తేల్చారు, రుతువేదో తేల్చారు. ఇప్పుడు కుజు ఆకుల దగ్గర ఆగండి. గాలికి తిరగబడి తెల్లటి అడుగు కనిపిస్తోంది. ఉరామి.

నేపథ్యం బంగారం కాదు, వెండి. ఎందుకు? ఎవరి కోసం, ఎక్కడ అన్న ప్రశ్న ఇక్కడ అక్కరకొస్తుంది. ఈ గడ్డిపూలను హోయిత్సు కొత్త తెర మీద వేయలేదు. తనకు వందేళ్ల ముందటి కోరిన్ బంగారు తెర మీద గాలి దేవుణ్ని, ఉరుము దేవుణ్ని గీశాడు. హోయిత్సు వాటి వెనక వైపు గీశాడు. ముందు ఆకాశం, వెనక నేల. ముందు బంగారం, వెనక వెండి. ఉరుము దేవుడి వీపు వెనక వానకు తడిసిన వేసవి, గాలి దేవుడి వీపు వెనక గాలికి ఒరిగిన శరత్తు. చిత్రంలో లేని మనుషుల కోసం వెతకమన్నాను కదా, ఇక్కడ లేనివాళ్లు దేవుళ్లు, అదీ ఒక కాగితం మందం అవతల.

పరిరక్షణ కోసం ఆ తర్వాత ముందు వెనకలను విడదీశారు. ఇప్పుడు అవి వేర్వేరు తెరలు. రెండు జతల ఫోటోలూ ఒకే కొలతలో ముద్రించి, రెండు అట్టముక్కలకు చెరో వైపు అంటించండి. ముందు నుంచి చూసినప్పుడు కుడి వైపున ఉండే గాలి దేవుడు వెనక్కి తిప్పితే ఎడమకు వస్తాడు, కాబట్టి అతని వెనక రావలసింది శరత్తు తెర. అంటించేటప్పుడు ఇది తారుమారు కాకుండా చూసుకోండి. జిగురు ఆరాక బల్ల మీద నిలబెట్టి, ముందు దేవుళ్లను చూసి, లేచి అటువైపు వెళ్లి కుజు ఆకులను చూడండి.